కుండలో వదిలిన రంగు

అనగనగా ఒక రాజు. రాజేమో సింహాసనం మీద, సుంకమ్మేమో సింహాసనం ముందు. ఇద్దరూ గొంతు చించుకుంటున్నారు.

"నా కుక్క వెల పన్నెండు వరహాలు. కుండల వెల మూడు పణాలు. అవి పారేస్తే నా దోవన నేను పోతా," అంటోంది సుంకమ్మ.

"అపశకునపు కుక్కకి వెలేంటే?" అంటున్నాడు రాజు.

"సరే, కుక్క అపశకునం. కుండలేం చేశాయి? అవి నా పెరట్లో కుండలే కదా?"

సభలో ఎవరూ తల ఎత్తలేదు. ఈ తగువు కొత్తదేమన్నానా? ఏటా కోతలప్పుడు సుంకమ్మ వస్తుంది. ఇవే మాటలంటుంది. రాజు ఇవే మాటలంటాడు. మంత్రికి రెండు పక్కలవీ నోటికొచ్చు.

ఆ రాజు పేరు ధర్మకేతు, ఆ రాజ్యం పేరు నల్లగుట్ట. సుంకమ్మ గాలికుక్కలు పెంచేది. సన్నటి నడుం, పొడుగు కాళ్ళు, పరిగెత్తితే గాలే. మొరగవు. వేటలో నోరెత్తితే జింక పారిపోతుంది కదా, అందుకని తరతరాలుగా నోరు మూసుకున్న జాతి అది. వాటిలో నల్లవి ఎక్కువ, జేగురువి కొన్ని. ఎప్పుడన్నా ఒకటి బూడిదరంగులో పుట్టేది, కాలిన పిడకలాగా. సుంకమ్మ దగ్గర అట్లాంటి ఆడకుక్క ఉండేది. దాని పేరు బూది.

ఒక ఏడు ఒంటినిండా విభూది పూసుకుని సన్యాసి ఒకడు వచ్చాడు. "రాజా, బూడిదరంగు కుక్క నీడ పడిన రాజ్యం బూడిదవుతుంది" అన్నాడు. రాజు నమ్మాడు. అప్పుడే బూది ఈనింది. భటులు వచ్చి సుంకమ్మ పెరట్లో పెద్ద గాబు తీసుకుని బూదిని అందులో పెట్టారు. చిన్న కుండలు తీసుకుని బూడిదరంగు పిల్లల్ని వాటిల్లో పెట్టారు. మూతులు కట్టి ఏట్లో వదిలేశారు. ఆ తర్వాత ఎవరింట ఆ రంగు పిల్ల పుట్టినా ఇంతే. నల్లపిల్లలు మటుకు బాగున్నాయని రాజు వేటకుక్కల్లో కలిపేసుకున్నారు. సుంకమ్మ కూతురు చెన్నమ్మ ఒక్క నల్లపిల్లని బుట్ట కింద దాచింది కాబట్టి ఆ ఇంట్లో ఆ ఒక్కటి మిగిలింది.

ఇదీ తగువు.

మరి బూదిని వదిలేశాక రాజ్యం బాగుపడిందా? లేదు. ఏడు సముద్రాల అవతల భస్మాక్షుడని ఒక మాంత్రికుడున్నాడు. ఏటా చేను కోతకొచ్చే వేళకి వాడు అక్కడినుంచి పొగ ఊదేవాడు. పండిన చేను పండినట్టే బూడిద. రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు "నేను వాడి పని పడతా" అని కత్తి తీసుకుని పోయాడు, రాలేదు. నడిపివాడు వీరకేతు "నేను పోతా" అని గద తీసుకుని పోయాడు, రాలేదు. మిగిలింది మూడోవాడు, చిన్నకేతు.

ఈ చిన్నకేతుకి కాళ్ళలో చక్రాలున్నాయి. ఒకచోట కూర్చోలేడు. అన్నం కూడా అటూ ఇటూ తిరుగుతూనే తింటాడు. పడుకున్నా కాళ్ళు కదుల్తూనే ఉంటాయి. ఇంకో వింత ఏంటంటే, వాడివి పిల్లికళ్ళు. రాజువి నల్లకళ్ళు, రాణివీ నల్లకళ్ళే. రాణి బతికున్నన్నాళ్ళూ "అవి మా నాన్న కళ్ళు" అనేది. "కాదు, మా అమ్మ కళ్ళు" అనేవాడు రాజు. ఆ ఇంట్లో అదొక తగువు.

ఆ రోజు సభలో స్తంభం నుంచి స్తంభానికి తిరుగుతున్న చిన్నకేతు ఉన్నట్టుండి, "నాన్నా, నేను పోతున్నా" అన్నాడు.

"ఎక్కడికి?"

"అన్నల దగ్గరికి."

"నిన్ను కూడా పోగొట్టుకోమంటావా?" అన్నాడు రాజు. ఈ మాట అయ్యేసరికి పిల్లవాడు కోటగుమ్మం దాటేశాడు.

నడిచాడు, పరిగెత్తాడు, సముద్రం ఒడ్డుకి చేరాడు. అక్కడ ఒక ఆడతాబేలు మెడకి పగిలిన కుండమూతి ఇరుక్కుని గిలగిల్లాడుతోంది. రాయి తీసుకుని నెమ్మదిగా తట్టి ఆ మూతి ఊడగొట్టాడు.

"బతికించావు నాయనా," అంది తాబేలు. "మీ ఏటి నుంచి కొట్టుకొచ్చిన కుండలే ఇవన్నీ. ఒకప్పుడు ఏడాదికి నాలుగైదు వచ్చేవి, బూడిదరంగు కుక్కపిల్లలతో. ఈమధ్య ఒక్కటీ రావడం లేదు. మీ వాళ్ళకి బుద్ధొచ్చిందా?"

"బుద్ధి రాలేదు. ఆ రంగు పుట్టడం మానేసింది. ఆడకుక్కలకి పొరుగు రాజ్యాల మగకుక్కల్నే కట్టించాలని మా నాన్న చాటింపు వేయించాడు. రంగు కడుక్కుపోయిందంటున్నారు."

"రంగు కడుక్కుపోవడానికి అదేమన్నా గుడ్డా?" అంది తాబేలు. "సరే, ఎక్కు. ఎక్కడికో చెప్పు."

తాబేలు వీపు మీద ఉప్పు సముద్రం దాటాడు, ఊబి సముద్రం దాటాడు, మంచు సముద్రం దాటాడు. చేపలే లేనిది ఒకటి, చేపలు తప్ప నీళ్ళే లేనిది ఒకటి, వేణ్ణీళ్ళది ఒకటి. చివరది పొగ సముద్రం. తాబేలు వీపు ఎంత ఉంటుంది? తిరగడానికి చోటేదీ? ఆ దోవంతా చిన్నకేతు కాలిబొటనవేలు ఆడిస్తూనే ఉన్నాడు. "చక్కిలిగింతలు పెట్టకు, మునుగుతా" అని తాబేలు తిడుతూనే ఉంది.

దీవిలో బూడిద రాళ్ళతో కట్టిన మేడ. మాంత్రికుడు పొద్దున్నే పొగలాగా పైకి లేచిపోయి పొద్దుగూకే వేళకి దిగుతాడు. గుమ్మానికి అటొకడు ఇటొకడు జయకేతు, వీరకేతు నిలబడున్నారు. ఇద్దరికీ మోకాళ్ళదాకా రాయి.

"అన్నా!" అన్నాడు చిన్నకేతు.

"వచ్చావా? నువ్వూ వచ్చావా? ఇక వంశానికి దీపం పెట్టేదెవడ్రా?" అని జయకేతు తిట్టాడు.

"ముందు ఏం జరిగిందో చెప్పు."

"లోపల పంజరంలో చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం చిలకలోనే కదా ఉంటుందని మెడ పిసికాను. వాడొచ్చి నవ్వాడు. అంతే."

"నువ్వూ పిసికావా?" అని వీరకేతుని అడిగాడు.

"అన్నయ్య సరిగ్గా పిసకలేదేమో అనుకున్నా," అన్నాడు వీరకేతు. "నెలనెలా రాయి పైకి పాకుతోంది తమ్ముడూ. ఈ ఉగాది కాక పై ఉగాదికి తలదాకా వస్తుందన్నాడు వాడు. ఆ తర్వాత మాటుండదు."

చిన్నకేతు లోపలికి పోయాడు. పంజరంలో చిలక మెడ వంకరగా పెట్టుకుని కూర్చుంది.

"పిసుకుతావా? పిసుకు," అంది. "మీ అన్నలూ పిసికారు. నాకు మెడనొప్పి తప్ప ఇంకేం రాలేదు. ఇట్లా వచ్చేవాళ్ళ కోసమే వాడు నన్నిక్కడ పెట్టుకున్నాడు."

చిన్నకేతు దానికి నడుముకట్టులోంచి పచ్చిమిరపకాయ తీసి ఇచ్చాడు. చిలక తిన్నది. మూతి తుడుచుకుంది.

"ఇన్నాళ్ళకి ఒకడు తిండి పెట్టాడు. విను. బూడిదరంగు గాలికుక్క మొరుగు చెవిన పడితే వాడి ప్రాణం పోతుంది. ఆ జాతేమో మొరగదు. ఆ రంగేమో ఎప్పుడో గానీ పుట్టదు. అదీ చాలదని సన్యాసి వేషం వేసుకుని మీ నాన్న చెవిలో ఊదొచ్చాడు, ఆ పుట్టినవి కూడా బతక్కుండా."

చిన్నకేతుకి ఒళ్ళు మండింది. పంజరం తలుపు తీశాడు. చిలక భుజమెక్కింది. ఇద్దరూ తాబేలెక్కి వెనక్కి వచ్చేశారు.

నేరుగా సుంకమ్మ ఇంటికి పోయాడు. సుంకమ్మ గంజి కలుపుతోంది. చెన్నమ్మ కుక్కలకి పోస్తోంది.

"అత్తా, నాకు బూడిదరంగు కుక్కపిల్ల కావాలి."

సుంకమ్మ గరిటె పక్కన పెట్టింది. "మీ నాన్నేమో ఏట్లో వదిలాడు. నువ్వేమో కావాలంటున్నావు. తండ్రీకొడుకులు ఒక మాట మీదికి వచ్చి అడగండి."

చిన్నకేతు అంతా చెప్పాడు. సుంకమ్మ విని, "ఉన్నది ఇదొక్కటే" అని మూల పడుకున్న ఆడకుక్కని చూపించింది. నిగనిగలాడే నలుపు. దాని పేరు కాటుక. చెన్నమ్మ ఆరోజు బుట్ట కింద దాచిన పిల్లకి కూతురు, అంటే బూదికి మనవరాలు.

"కాటుకా, నీలో మీ అవ్వ రంగుందా?" అని అడిగాడు చిన్నకేతు.

కాటుక ఒక కన్ను తెరిచింది. "నలుపు పైది. లోపలేముందో నన్నడిగితే? నాకు మటుకు కనపడుతుందా?"

చిన్నకేతుకి ఆగే ఓపికేదీ? పొరుగు రాజ్యానికి పరిగెత్తి అక్కడి రాజుగారి నల్ల మగకుక్కని అడిగి తెచ్చాడు. అంత ఎత్తుది, అంత వేగందీ ఏడు రాజ్యాల్లో లేదు. మంచి కుక్కైతే మంచి పిల్లలొస్తాయి కదా అనుకున్నాడు. సుంకమ్మా అదే అనుకుంది. చూడబోతే రాజు వేయించిన చాటింపూ ఇదే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

కాటుక చూలు కట్టింది. ఇక చిన్నకేతుకి చావొచ్చింది. కుక్క చూలుని ఎవరు తొందరపెట్టగలరు? పెరట్లో తిరిగాడు, వీధిలో తిరిగాడు. వాడు తిరిగిన చోట గడ్డి మొలవడం మానేసింది. "కూర్చోరాదా చిన్నదొరా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది చెన్నమ్మ. కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ తిరిగాడు. తాబేలు వచ్చిపోయేవాళ్ళతో కబురు పంపేది: రాయి తొడలదాకా వచ్చింది. నడుందాకా వచ్చింది.

కాటుక ఈనింది. ఐదు పిల్లలు. ఐదూ నలుపే.

చిన్నకేతు నీళ్ళతొట్టి దగ్గరికి పోయి మొహం ముంచుకున్నాడు. ఏడ్చింది కనపడకూడదని. చెన్నమ్మ వచ్చి పక్కన నిలబడింది. నీళ్ళలో వాడి మొహం చూస్తూ, "ఆ పిల్లికళ్ళు ఎవరివి నీకు?" అంది.

"అదో గోల. మా అమ్మ తన తండ్రివనేది. మా నాన్న తన తల్లివంటాడు."

"మరి మీ అమ్మకీ నాన్నకీ లేవే?"

"లేవు."

"ఒక పక్క నుంచే వచ్చేదైతే ఇంకో పక్క నలుపు దాన్ని తొక్కేసుండేది కదా?"

చిన్నకేతు తల ఎత్తాడు. నీళ్ళు కారుతున్న మొహంతో అట్లాగే నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు కదలకుండా నిలబడింది అదే మొదలు.

"ఇద్దరివీ!" అన్నాడు. "ఇద్దరి లోపలా దాగుంది. రెండు పక్కల నుంచీ వస్తేనే బయటపడింది. చెన్నమ్మా, కాటుకలో ఉన్నా కూడా, ఆ పొరుగు కుక్కలో ఎక్కడుంటుంది? మా నాన్న రంగుని కడగలేదు. కొత్త నలుపు తెచ్చి పైన మూత పెట్టాడు, అంతే!"

"అయితే ఇంకో పక్క కూడా బూది నెత్తురే కావాలి," అంది చెన్నమ్మ.

"మా నాన్న వేటకుక్కల్లో ఉంది. ఆరోజు తీసుకుపోయిన పిల్లల్లో మగదానికి కొడుకు. బొగ్గు."

సుంకమ్మ వేళ్ళ మీద వరసలు లెక్కేసింది. "కాటుకకి మేనమామ కొడుకు. మేనరికమే. ఇంత దగ్గర సంబంధం పెట్టుకుని ఊళ్ళన్నీ తిరిగొచ్చావు," అంది.

కాటుక మళ్ళీ ఎదకొచ్చేదాకా ఆగాలి కదా, ఆగారు. రాయి రొమ్ముదాకా వచ్చింది. రాజు వేటకి పోయిన రోజున చిన్నకేతు బొగ్గుని తోలుకొచ్చాడు. సుంకమ్మ రెండింటి నుదుటా పసుపు పెట్టింది. మళ్ళీ చూలు, మళ్ళీ తిరుగుడు, మళ్ళీ గడ్డి పోయింది.

"ఈసారన్నా వస్తుందా కాటుకా?"

"రావచ్చు, రాకపోవచ్చు. నా చేతిలో ఉంటే ఆలస్యం చేస్తానా?"

ఈనింది. మొదటిది నలుపు. రెండోది నలుపు. మూడోది నలుపు. చిన్నకేతు ఇక చూడలేక గుమ్మం బయటికి పోయాడు. లోపల్నుంచి చెన్నమ్మ కేక పెట్టింది. వచ్చి చూస్తే ఆమె అరచేతిలో, తడితడిగా, కాలిన పిడక రంగులో ఒక పిల్ల.

ఇట్లాంటి కబురు ఎంతసేపు దాగుతుంది? రాజు వచ్చాడు. వెనకాల భటుడు. భటుడి చేతిలో కుండ.

"ఈసారి కుండ మీ ఇంటిదేనా, మళ్ళీ నాదా?" అంది సుంకమ్మ.

"అడ్డు తప్పుకో! నా రాజ్యం బూడిదవుతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

చిన్నకేతు పిల్లని పైపంచెలో వేసుకుని రాజుకి ఎదురు నిలబడ్డాడు. "నాన్నా, ముందు నన్ను పెట్టు కుండలో."

"ఏం మాటలురా అవి?"

"నీకూ అమ్మకీ లేని కళ్ళతో పుట్టాను. ఇంట్లో ఎవరికీ లేని రంగు. ఆరోజు ఏ సన్యాసన్నా వచ్చి పిల్లికళ్ళవాడు అపశకునం అనుంటే ఏం చేసేవాడివి? నా కళ్ళు మీ అమ్మవని ఇన్నేళ్ళు పోట్లాడావే, దీని రంగు వాళ్ళ ముత్తవ్వది కాదా?"

రాజు కొడుకు కళ్ళలోకి చూశాడు. తల్లి గుర్తొచ్చిందో, రాణి గుర్తొచ్చిందో, చెయ్యి ఊపి భటుణ్ణి పంపేశాడు. పోతూ పోతూ సుంకమ్మతో, "ఆరు వరహాలిస్తా. ఇక ఆ గోల ఆపు" అన్నాడు.

"పన్నెండు వరహాలు. మూడు పణాలు."

"కుండలకి చచ్చినా ఇవ్వను!" అని రాజు పోయాడు.

పిల్ల కళ్ళు తెరిచింది. పాలు మానింది. దానికి పిడకని పేరు పెట్టారు. చిన్నకేతు దాన్ని ఒళ్ళో వేసుకుని తిరిగేవాడు. అటూ ఇటూ, ఇటూ అటూ. వాడు నడుస్తుంటే ఊయలలాగా ఉండేదేమో, అది హాయిగా నిద్రపోయేది. అది మటుకు ఒక్కసారీ మొరగలేదు. చప్పట్లు కొట్టాడు, తోక లాగాడు, పిల్లిని చూపించాడు. ఊహూ. గాలికుక్క గాలికుక్కే.

ఉగాది దగ్గరకొచ్చింది. ఇక ఆగితే అన్నలుండరు. పైపంచెలో పిడక, భుజం మీద చిలక, కింద తాబేలు. తాబేలు వీపు మీదా చిన్నకేతు పిల్లని ఊపుతూనే ఉన్నాడు. ఏడు సముద్రాలూ దాటాడు.

అన్నలకి గడ్డందాకా రాయి. కళ్ళతోనే చూస్తున్నారు, మాట పెగలడం లేదు. చిన్నకేతు గుమ్మం ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. పొద్దు వాలింది. ఆకాశం నుంచి పొగ దిగి మనిషైంది. అదే విభూది, అదే సన్యాసి మొహం.

"మూడోవాడివా? నువ్వూ చిలక మెడ పిసికావా?" అన్నాడు భస్మాక్షుడు.

"లేదు. మిరపకాయ పెట్టాను."

మాంత్రికుడు పైపంచెలోకి తొంగిచూశాడు. గబుక్కున వెనక్కి తగ్గాడు. చూస్తే పిడక గుర్రుపెడుతోంది. వాడు పగలబడి నవ్వాడు. "తెచ్చావు సరే! మొరగని జాతిని మొరిగించేదెవర్రా?"

అని చెయ్యి చాచాడు. చిన్నకేతు అరికాళ్ళు చల్లబడ్డాయి. మడమలు రాయయ్యాయి. చీలమండలు రాయయ్యాయి. కాలు ఎత్తబోయాడు, లేవలేదు. కాళ్ళలో చక్రాలున్న చిన్నకేతు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయాడు.

ఊయల ఆగితే పసిబిడ్డ ఊరుకుంటుందా? పిడక కళ్ళు తెరిచింది. పుట్టాక దానికి ఇట్లాంటిది తెలీదు, తనని ఎత్తుకున్నవాడు నడవకపోవడమేంటి? తల బయటపెట్టింది. వాడి గడ్డం చూసింది. ఎదురుగా పొగమనిషిని చూసింది. చెవులు వెనక్కి పెట్టి, ఒళ్ళంతా కూడగట్టుకుని, "భౌ" అంది.

అంతే. అదీ పెద్ద మొరుగేం కాదు, తుమ్ములాంటిది. భస్మాక్షుడు గుండె పట్టుకున్నాడు, కాళ్ళ నుంచి మొదలై పొయ్యిలో కట్టెలాగా పొడి అయిపోయాడు. గాలొచ్చి ఆ పొడిని సముద్రంలో పోసింది.

రాయి కారిపోయింది. జయకేతు కదిలి ఒళ్ళు విరుచుకున్నాడు. వీరకేతు వంగి మోకాళ్ళు తడుముకున్నాడు. చిన్నకేతు కాళ్ళు విడీ విడగానే నడవడం మొదలుపెట్టాడు. ముగ్గురూ ఇంటికి వచ్చారు.

ఆ ఏడు చేను చేనులాగే ఇల్లు చేరింది. ఊళ్ళవాళ్ళు పిడకని చూడటానికి బారులు తీరారు. "మాకొకటి ఇవ్వండి, మాకొకటి ఇవ్వండి" అన్నారు. ఎక్కడినుంచి ఇస్తారు? అది రెండు పక్కలా ఉంటేనే పైకొచ్చే రంగాయె. పైకొచ్చినవాటిని చేతులారా ఏట్లో వదిలిందీ వీళ్ళేనాయె. అందుకే బూడిదరంగు గాలికుక్క ఈనాటికీ ఎప్పుడో గానీ కనపడదు. పుట్టినదాన్ని మటుకు ఎవరూ కుండలో పెట్టరు.

చిన్నకేతు రాజు దగ్గరికి పోయి, "నాన్నా, చెన్నమ్మని చేసుకుంటా" అన్నాడు. రాజు తల గోక్కుని, మంత్రిని వెంటబెట్టుకుని, పళ్ళూ పూలూ పట్టించుకుని సుంకమ్మ ఇంటికి పిల్లనడగడానికి పోయాడు.

సుంకమ్మ తట్టలో పూలు చూసింది, పళ్ళు చూసింది. "పిల్లకి ఇష్టమే. నాకూ ఇష్టమే. పాత బాకీ తేలితే ముహూర్తం పెట్టుకుందాం," అంది.

"అరె, వియ్యంకులం కాబోతున్నాం కదా వదినా!"

"కుక్క చచ్చేనాటికి కాదు కదా అన్నయ్యా."

రాజు నిట్టూర్చి పన్నెండు వరహాలు లెక్కపెట్టాడు. సుంకమ్మ కదల్లేదు. పెరట్లో అటూ ఇటూ తిరుగుతున్న చిన్నకేతు కూడా ఆగి చూస్తున్నాడు.

"కుండలు కూడానా?"

"నా కుండలే కదా?"

పెళ్ళైంది. చిన్నకేతు చాలా ఏళ్ళు, తిరుగుతూనే, రాజ్యం ఏలాడు. చెన్నమ్మ పక్కన ఉండి ఏలించింది. తగువేమో పెళ్ళికి ముందే, ఆ పెరట్లోనే తీరింది. రాజు మొలలోంచి చిన్న సంచి తీసి, ముడి విప్పి, ఇంకో మూడు పణాలు ఆ పన్నెండు వరహాల పక్కన పెట్టాడు.